ప్రాంప్టరు కోసం రేపల్లె దాకా

తెనాలి, బాపట్ల, రేపల్లె చూడ్డానికి రాజమండ్రి నుంచి ఎవరూ పనిగట్టుకుని వెళ్ళరు. చుట్టాలుంటే వెళ్తారు, కోర్టు పనులుంటే వెళ్తారు. నాకు ఆ వైపు చుట్టాలు లేరు, కోర్టు పనీ లేదు. అయినా నాలుగు రోజులు తిరిగొచ్చాను. వచ్చి వారమైంది. కాళ్ళ నొప్పులు తగ్గాయి కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ళు రాజమండ్రిలో ఒక ట్రస్టు వారి నాటకశాలకి మేనేజర్ని. పోటీలు పెట్టించడం, వచ్చిన నాటక సమాజాల వాళ్ళకి బసా భోజనాలూ చూడటం, ఫ్యాన్లు తిరక్కపోతే ప్రేక్షకుల చేత తిట్లు తినడం, వేళకి తెర లేవకపోతే నటుల్ని తిట్టడం నా ఉద్యోగం. అందులో ఆఖరిది నాకు బాగా వచ్చు. క్రితం ఏడాది ఆ హాలుని కల్యాణమండపం చేసేశారు. అదే ట్రస్టుకి చూపు పోతున్నవాళ్ళ కోసం ఇంకో సంస్థ ఉంది. దాన్ని నడిపే పెద్దాయన ఓపిక లేక తప్పుకుంటే, "జనాన్ని కూర్చోబెట్టడం నీకు తెలుసుగా, నువ్వే చూసుకో" అన్నారు. నాటకాల ఆవిడకి కళ్ళ గొడవలెందుకని నా వెనక అనుకున్నారు. నా ముందూ అన్నారు. నిజానికి నేనూ అలాగే అనుకున్నాను.

చేరిన మొదటి వారంలోనే మా డాక్టరుగారు నా చేతికి కళ్ళద్దాలిచ్చి పెట్టుకోమన్నారు. అద్దాల నిండా నల్లరంగు, నడిమధ్యన బఠాణీ గింజంత ఖాళీ. "నీటికాసులు, అదే గ్లాకోమా, ముదిరితే లోకం ఇలా ఉంటుందమ్మా. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనిపిస్తుంది, కాలి దగ్గరున్న స్టూలు కనిపించదు. వెలుతురు తగ్గితే అక్షరాలు కూడా పోతాయి. ఏదీ, నడవండి" అన్నారు. నాలుగడుగులు వేశానో లేదో, టేబుల్ ఫ్యాను వైరు కాలికి తగిలి బోర్లా పడ్డాను. మోకాలు నొప్పికంటే ముందు నాకు తట్టింది ఒకటే. ఈ పడటం నేనిదివరకు చూశాను. అచ్చం ఇలాగే ఒక మనిషి నా ఎదుట పడ్డాడు. ఆయన పేరు కోటిలింగం.

కోటిలింగం తెనాలి మనిషి, ప్రాంప్టరు. నాటకంలో నటుడు మాట మర్చిపోతే పక్కతెర చాటు నుంచి అందించే ఉద్యోగం. ఏటా పోటీలకి మా హాలుకి వచ్చేవాడు. ఎడం పక్క స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మీద నాటకం పుస్తకం పెట్టుకుని, పేజీలు తిప్పుతూ ఉండేవాడు. ఎప్పుడూ రెండు మాటలే అందించేవాడు. మూడోది ఇవ్వడు. "మూడోది కూడా నేనే చెబితే ఆయనెందుకండీ స్టేజీ మీద?" అనేవాడు. నటుడు మర్చిపోయాడని అతనికి ఎలా తెలుస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే, "మాట ఉన్నవాడు మాట్లాడి ఊపిరి పీలుస్తాడండి. మాట పోయినవాడు ముందే పీల్చేసి ఆగిపోతాడు. అది వినపడుద్ది" అన్నాడు. నేను నవ్వేశాను. పుస్తకం ఒళ్ళో ఉన్నవాడికి చెవులతో పనేముందని.

ఏడేళ్ళ కిందట పోటీల ఆఖరి రోజున ఒక కొత్త నాటకం వచ్చింది. రాతప్రతి మధ్యాహ్నం చేతికొచ్చింది. కోటిలింగం నా గదికొచ్చి, "మేనేజరమ్మగారూ, దీన్ని ఎవరిచేతన్నా ఒక్కసారి చదివి వినిపించమనండి, చాలు" అన్నాడు. నాకప్పుడు జనరేటరు గొడవ. "ఏం, నీకు చదువు రాదా?" అని కసిరాను. ఆ సాయంత్రం నాటకంలో నాయకుడు మాట మర్చిపోయాడు. పక్కతెర వైపు చూశాడు. అటు నుంచి చప్పుడు లేదు. జనం ఈలలు మొదలెట్టారు, తెర దించేశాం. కోటిలింగం స్టూలు మీంచి లేచి నా వైపు వస్తూ లైటు వైరు తట్టుకుని టీ ఫ్లాస్కు మీద పడ్డాడు. ఆరు సమాజాల వాళ్ళు అక్కడే ఉన్నారు. వాళ్ళందరి ముందూ, "తాగి నా స్టేజీ ఎక్కుతావా?" అన్నాను. అతను పంచె దులుపుకుని వెళ్ళిపోయాడు.

నాటకాలవాళ్ళలో మేనేజరు నోట వచ్చిన మాట రాయి మీద చెక్కినట్టే. ఆ తర్వాత అతన్ని ఎవరూ పిలవలేదని నాకు తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు. నల్ల అద్దాలతో కింద పడ్డ రోజునే అనుకున్నాను, ఆ మాట ఎలా అన్నానో అలాగే నలుగురిలో వెనక్కి తీసుకోవాలని. మూడు ఊళ్ళలో మూడు మీటింగులున్నాయని ఆఫీసులో చెప్పి బయల్దేరాను. మీటింగులు నిజమే. వెళ్ళింది మాత్రం అందుకు కాదు.

తెనాలి: మైకు తెచ్చిన తంటా

తెనాలి ఊరి మధ్యలోంచి కాలవలు పారతాయి. గోదావరి గట్టున పుట్టినదాన్ని కాబట్టి మొదట చిన్నచూపు చూశాను. ఓ గంట తిరిగాక ఒప్పుకోక తప్పలేదు. మా గోదావరి దగ్గరికి మనం వెళ్ళాలి, ఇక్కడ నీళ్ళే బజారు దాకా వచ్చి పలకరిస్తాయి. ఇక్కడి జిలేబీ మన పచ్చటి జిలేబీ కాదు. బెల్లంతో చేస్తారు, ముదురు రంగు, చుట్టలు లావు. బండాయన ఆకులో నాలుగు చుట్టలు పెట్టి నలభై రూపాయలు తీసుకున్నాడు. తింటే వేళ్ళు గంటసేపు అంటుకునే ఉన్నాయి. మా వైపు మాటకి ముందు "ఆయ్" అంటాం. నేను అలవాటుగా అంటే జిలేబీ ఆయన, "గోదారోళ్ళా అమ్మా?" అని ఇంకో చుట్ట ఊరికే వేశాడు.

మీటింగు ఒక సంఘం వారి హాల్లో. నేను నా పద్ధతిలో ఏర్పాటు చేశాను. ఎత్తు మీద వేదిక, వెనక పెద్ద బ్యానరు, ముందు వరసల్లో కుర్చీలు, రెండు మైకులు, హాలుకి అటూ ఇటూ సౌండు బాక్సులు. వచ్చినవాళ్ళు ఇరవైమంది దాకా ఉన్నారు. డాక్టరుగారు మాట్లాడారు, నేను మాట్లాడాను. ఇంతలో మూడో వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది. పేరు మస్తాన్‌బీ. ముప్ఫై ఏళ్ళు బట్టలు కుట్టింది, షుగరు వల్ల చూపు పోయింది.

"అమ్మా, ఆ మైకు కాస్త కట్టేయిస్తారా?"

"ఏమ్మా, గోల చేస్తోందా?"

"గోల కాదమ్మా. ఎవురు మాట్లాడినా ఆ పెట్టెలోంచే వస్తంది. డాక్టరుగారు ఎటున్నారో, మీరెటున్నారో మాకేం తెలుస్తది? ఇందాక నా పక్కనామె లేచి మాట్లాడితే గొంతు అక్కడెక్కడో గోడకాడ్నించి వచ్చింది. ఉలిక్కిపడి చచ్చాను. మీకంటే మొహాలు కనపడతాయి. మాకు గొంతు ఎటునుంచొస్తే మొహం అటున్నట్టు."

హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్ళు, ఆఖరి వరసకి కూడా వినపడాలని మైకులు సరిచూసుకుంటూ బతికినదాన్ని. కళ్ళు కనపడనివాళ్ళకి మైకు ఒక తెర అని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఇంకోటమ్మా," అంది ఆవిడ, "వెనకాల బ్యానరు కట్టారంటగా?"

"కట్టానమ్మా."

"ఎవురి కోసం?"

ఆ బ్యానరు విప్పించేశాను. కుర్చీలు గుండ్రంగా వేయించాను. మస్తాన్‌బీ అక్కడికక్కడే రెండు నియమాలు పెట్టింది. మాట్లాడే ముందు ఎవరికి వాళ్ళు పేరు చెప్పాలి. అవునన్నా కాదన్నా నోటితో అనాలి, తలకాయలూపితే చెల్లదు. ఆ తర్వాత గంటన్నర మీటింగు జరిగింది. నేను పెట్టిన మీటింగుల్లో జనం టైమెంతైందని అడగని మీటింగు అదొక్కటే.

సాంబశివరావు కొట్టు

మధ్యాహ్నం సాంబశివరావు దగ్గరికి వెళ్ళాను. కోటిలింగంతో పాటు మా హాలుకి వచ్చే పాత మేకప్ మనిషి. ఇప్పుడు డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టు నడుపుతున్నాడు. గోడకి కిరీటాలు, గదలు, స్కూలు వార్షికోత్సవాల కోసం కోతి తోకలు వేలాడుతున్నాయి.

"అమ్మో, మేనేజరమ్మగారు! మిమ్మల్ని చూస్తే తెర ఆలస్యమైందేమోనని ఇప్పటికీ భయమేస్తదండీ."

"ఆలస్యమైంది కాబట్టే వచ్చాను. కోటిలింగం తాగేవాడా?"

చేతిలో ఉన్న కిరీటం పక్కన పెట్టాడు. "వాడా? టీ కూడా అరకప్పే తాగేవాడండి."

"మరి ఆ రోజు నేనలా అంటే నోరెత్తలేదేం?"

సాంబశివరావు మొత్తానికి చెప్పాడు. కోటిలింగానికి అప్పటికే రెండేళ్ళుగా మసక వెలుతుర్లో అక్షరాలు కనపడటం లేదట. పాత నాటకాలన్నీ కంఠతా వచ్చు కాబట్టి నెట్టుకొచ్చాడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అంచనా మీద పేజీలు తిప్పేవాడు. కొత్త నాటకమొస్తే ఎవరిచేతన్నా ఒక్కసారి చదివించుకుని వినేవాడు.

"ఆ రోజు బస్సులో నాతో అన్నాడండీ. తాగాడంటే ఇయ్యాల కాకపోతే రేపు మానతాడులే అని మళ్ళీ పిలుస్తారు, కళ్ళు పోయాయంటే ఇంక పిలవరు, నువ్వు నోరు మూసుకో అన్నాడు. నేను మూసుకున్నాను. వాడి లెక్క తప్పింది. మీరన్నాక ఎవురు పిలుస్తారు?"

"నాకొక్కదానికైనా చెప్పొచ్చుగా నువ్వు!"

"మీకు చెప్పేదెవరండీ? మీరు వింటేగా."

నాకు కోపమొచ్చింది. అతను చెప్పింది నిజమని తెలిసిన కోపం అది. కోటిలింగం బాపట్లలో కూతురి దగ్గర ఉన్నాడని, కూతురు స్టేషను రోడ్డులో టిఫిను బండి పెట్టిందని చెప్పాడు. కాఫీ తెప్పిస్తానన్నాడు. వద్దని వచ్చేశాను. బస చేసిన గదిలో సామాను సర్దుకుంటూ ఆ విసురులో కళ్ళజోడు కిటికీలో వదిలేశాను. అది బాపట్ల వెళ్ళాక గానీ తెలియలేదు.

బాపట్ల: ఉష టిఫిను బండి

బాపట్లలో దిగగానే గాలి మారుతుంది. సముద్రం కనిపించదు, ఒంటికి తెలుస్తుంది. జుట్టు జిడ్డుగా అవుతుంది, అప్పడాలు మెత్తబడతాయి. అందరూ సూర్యలంక బీచి చూశారా అనడుగుతారు. చూడలేదు. సముద్రం ఎక్కడికీ పోదుగా అంటే చిన్నబుచ్చుకున్నారు.

అక్కడి మీటింగుకి ముందే కుర్చీలు గుండ్రంగా వేయించాను, మైకు జోలికి పోలేదు. ఒక రిటైర్డు గుమాస్తాగారు మాత్రం పేరు చెప్పమంటే పేరుతో పాటు చేసిన ఆఫీసు, వస్తున్న పెన్షను, ఇద్దరల్లుళ్ళ ఉద్యోగాలూ చెప్పారు. మూడో అల్లుడు మొదలయ్యేలోపు పక్కాయన గట్టిగా తన పేరు చెప్పేశాడు.

మర్నాడు పొద్దున్నే బండి దగ్గరికి వెళ్ళాను. ఉషారాణికి నలభై లోపే ఉంటుంది. నాటకాల తండ్రి పెట్టిన పేరని చూడగానే అనుకున్నాను. రెండు పొయ్యిలు, నాలుగు బల్లలు, ఒక్క నిమిషం ఖాళీ లేదు. ఇడ్లీ ప్లేటు ముప్ఫై. మా వైపు పచ్చడి నంజుకుని ఇడ్లీ తింటాం. ఇక్కడ పచ్చడి తినడానికి ఇడ్లీ నంజుకోవాలి, అంత కారం. కళ్ళమ్మట నీళ్ళొస్తుంటే తనే చక్కెర చెంచా చేతిలో పెట్టింది.

"ఎక్కడ్నించమ్మా?"

"రాజమండ్రి. మీ నాన్నగారి కోసం వచ్చాను. అక్కడి నాటకశాలకి మేనేజరుగా ఉండేదాన్ని."

అట్ల కాడ ఆగింది. ఇంక నాకుంది అనుకున్నాను. అదేం కాలేదు.

"మీరేనా అండీ! నలుగురిలో గడ్డి పెట్టారంటగా. మంచి పని చేశారండి. ఇంట్లో ఆడోళ్ళం ఎన్ని చెప్పినా వింటారా? అప్పుడు కూడా మానలేదు ఆయన. దారిలో పడ్డం, గడప తట్టుకోవడం, గిన్నెలు తన్నడం. అడిగితే కళ్ళు కనపళ్ళేదంటాడు. తాగినోళ్ళందరూ అదే కదండీ చెప్పేది. ఒకసారి నూనె బాండీ మీద పడబోయాడు. మా పాప పక్కనే ఉంది. ఆ రోజే చెప్పేశాను, మానేసి రా, లేకపోతే రావద్దని. పోయాడు. రేపల్లెలో ఎక్కడో మైకులో అరుస్తున్నాడంట."

"వాసన వచ్చేదా?" అనడిగాను.

"ఏంటండీ?"

"తాగితే వాసన వస్తుందిగా."

ఆమె అట్టు తిరగేసింది. "నేను దగ్గరికి పోతేగా," అంది.

అప్పుడే చెప్పెయ్యాలి. చెప్పడానికే అంత దూరం వెళ్ళాను. నోరు తెరిచాను, నలుగురు కాలేజీ పిల్లలు వచ్చి ఆరు దోసెలన్నారు. మళ్ళీ తెరిచాను, గ్యాసు బండ అయిపోయింది. సాకులు చెబుతున్నాను లెండి. నాకు మెచ్చుకోలు దొరికింది, పక్కన ఇంకో ఇడ్లీ దొరికింది, ఆ రెండూ వదులుకుని నిజం చెప్పడానికి ధైర్యం చాల్లేదు. నామీద నాకే అసహ్యమేసింది. ఆఖరికి, "రేపు పదకొండింటికి రేపల్లెలో మా మీటింగుంది. నువ్వు రావాలమ్మా. ఒక సంగతి చెప్పాలి, అది మీ నాన్న వినేలా చెప్పాలి" అన్నాను.

"బండి వదిలి నేనెక్కడికొస్తానండీ?" అంది. వస్తానని గానీ రానని గానీ అనలేదు. చిల్లర వద్దంటే విసురుగా చేతిలో పెట్టింది.

బస్సు బోర్డు

కళ్ళజోడు లేకుండా బస్టాండులో నిలబడితే బోర్డుల మీద అక్షరాలన్నీ చీమల బారులే. ఒకటి వచ్చింది, ఇంకోటి వచ్చింది. పక్కనున్న పెద్దాయన్ని, "ఇది రేపల్లె వెళ్తుందా అండీ?" అనడిగాను.

"అదుగో రాసుందిగా. ఏం, చదువు రాదా పెద్దమ్మా?"

ఆయన ఎగతాళిగా అనలేదు, మామూలుగానే అడిగాడు. నేను నా జనరేటరు గొడవలో అన్న మాట అచ్చం ఇదే. జవాబు చెప్పొచ్చు. చదువొచ్చు, కళ్ళజోడు మర్చిపోయాను అని. మూడు ముక్కలు. నోటిదాకా వచ్చి ఎందుకో సిగ్గేసి, "రాదండీ" అన్నాను. ఆయన పాపం నా సంచి పట్టుకుని బస్సెక్కించి, కండక్టరుకి కూడా చెప్పి వెళ్ళాడు. చూపు లేదని ఒప్పుకోవడం కంటే చదువు రాదని చెప్పడం ఎంత తేలికో ఆ సీట్లో కూర్చున్నాక తెలిసింది.

దారి పొడుగునా మినుములు తీసేసిన పొలాలు. నగరం అనే ఊళ్ళో బస్సు చాలాసేపు ఆగింది. పక్క సీటామె తాటిముంజలు కొని, అడక్కుండానే నా చేతిలో రెండు పెట్టింది. మా వైపైతే ముందు ఊరూ పేరూ అడిగి తర్వాత పెడతాం. ఈవిడ ముందు పెట్టి, నేను తినేశాక తీరిగ్గా ఎంతమంది పిల్లలని మొదలెట్టింది. ముంజ నీళ్ళు చీర మీద కారాయి. ఆ మరక ఇంకా పోలేదు.

రేపల్లె: ఆటోలో గొంతు

రేపల్లెలో రైలు పట్టాలు అయిపోతాయి. ఇంక ముందుకి లేవు. అటుపైన పొలాలు, కాలవలు, ఆపైన సముద్రం. ఊరు చిన్నదే గానీ తిండి పెద్దది. మధ్యాహ్నం భోజనంలో రొయ్యల వేపుడు, గోంగూర, మీద గరిటెడు నెయ్యి. భోజనం నూట ఇరవై. మూడోసారి అన్నం వద్దంటే వడ్డించే ఆయన, "బాగాలేదాండీ?" అని నొచ్చుకున్నాడు. తిన్నాను.

అక్కడ మా మీటింగు చూసుకుంటున్నది రాఘవయ్య మాస్టారు. బడి నుంచి రిటైరయ్యారు, తనకీ ఒక కన్ను లేదు. సాయంత్రం నాలుగింటికి ఆయనతో బజార్లో నడుస్తుంటే వెనక నుంచి మైకు కట్టిన ఆటో వచ్చింది.

"రేపు ఉదయం పదకొండు గంటలకు, కంటిచూపు తగ్గినవారికి, తగ్గుతున్నదని ఎవరికీ చెప్పుకోలేనివారికి, ఒక సమావేశం. రాజమండ్రి నుంచి శ్రీమతి పద్మావతి గారు విచ్చేయుచున్నారు."

నేను రోడ్డు మీద నిలబడిపోయాను. పదిహేనేళ్ళపాటు ఆ గొంతు నాకు గుసగుసగానే తెలుసు. ఇంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. అయినా రెండో ముక్కకే గుర్తుపట్టాను.

"తగ్గుతున్నదని చెప్పుకోలేనివారికి అనేది నేను రాసిన కాగితంలో లేదండోయ్," అన్నారు మాస్టారు. "ఆయనే కలుపుకున్నాడు. కాగితం చూడడు. ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, ఊళ్ళన్నీ తిరిగి అప్పచెప్పేస్తాడు."

ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు. కోటిలింగం ఆ రోజు నన్ను అడిగింది కూడా అంతే. ఆటో నా పక్కనుంచే వెళ్ళింది. డ్రైవరు పక్కన, కళ్ళు మూసుకుని, మైకు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. బాగా తెల్లబడ్డాడు. పిలుద్దామనుకున్నాను, పిలవలేదు. నేనొస్తున్నానని నా పేరు తనే ఊరంతా చెబుతున్నాడు. రేపు వస్తాడో రాడో అతనికే వదిలేశాను.

గుండ్రంగా వేసిన కుర్చీలు

వచ్చాడు. అందరికంటే ముందే వచ్చాడట. నాకు రెండు కుర్చీల అవతల, చేతికర్ర కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. మొత్తం పద్నాలుగుమంది. వాళ్ళలో ఇద్దరు ఆ ఊరి నాటక సమాజం వాళ్ళు, మాస్టారు రమ్మంటే వచ్చారు. ఆ ఇద్దర్నీ పిలవమని అడిగింది నేనే. ఆ రోజు ఫ్లాస్కు మీద పడ్డప్పుడు చూసిన ఆరు సమాజాల్లో వాళ్ళదీ ఒకటి.

మస్తాన్‌బీ నియమాలు చెప్పాను. మైకు లేదు. పేర్లు మొదలయ్యాయి. ఒక రైతు, ఒక చీరాల మగ్గం ఆయన, ఇద్దరక్కచెల్లెళ్ళు. కోటిలింగం వంతు వచ్చింది.

"నా పేరు కోటిలింగమండి. మైకులో అరుస్తుంటాను. అంతకుముందు నాటకాల్లో గుసగుసలాడేవాణ్ణి."

అందరూ నవ్వారు. సమాజం వాళ్ళు నవ్వలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడే తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. ఉష. చెమటతో తడిసి, కొంగుకి పిండి మరకతో వచ్చి, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది. పేర్లు చుట్టు తిరిగి ఆమె దాకా వచ్చాయి. ఆమె నా వైపు చూసి వద్దన్నట్టు తలూపింది. నేనొక్కదాన్నే చూశాను. పక్కావిడ కాసేపు ఆగి తన పేరు చెప్పింది.

ఆఖర్న నా వంతు. రాత్రి పడుకునే ముందు పదిసార్లు అనుకున్న మాటలే.

"నా పేరు పద్మావతి. రాజమండ్రిలో నాటకశాల మేనేజరుగా ఉండేదాన్ని. ఏడేళ్ళ కిందట, పోటీల ఆఖరి రోజున..."

అంతే. తర్వాతి మాట లేదు. స్టేజీ మీద మాట పోయిన నటుల్ని ఎంతమందిని తిట్టానో. పోతే ఎలా ఉంటుందో తెలిసింది. ఊపిరి లోపలే ఆగిపోయింది. ఎదురుగా ఉష మొహం, పక్కన సమాజం వాళ్ళ మొహాలు. చెవుల్లో హోరు. ఎవరో కుర్చీ కదిపారు.

రెండు కుర్చీల అవతల నుంచి, నాకు మాత్రమే వినపడేంతగా, పాత గొంతు.

"కోటిలింగం తాగి..."

ఎప్పటిలాగే రెండు మాటలు. మూడోది నాకొదిలేశాడు.

"కోటిలింగం తాగి రాలేదు," అన్నాను. ఆ తర్వాత ఏదీ ఆగలేదు. అతను చదివి వినిపించమని అడగడం, నేను కసరడం, అక్షరాలు కనపడని మనిషిని పట్టుకుని ఆరు సమాజాల ముందు తాగుబోతని అనడం, ఏడేళ్ళుగా ఆ మాట సరిదిద్దకపోవడం, అన్నీ చెప్పాను. "ఆయన ఏనాడూ తాగలేదు. పడింది వైరు కనపడక. తప్పు నాది" అన్నాను. ఏడ్చాను కూడా. దాచుకోవాలని లేదు.

సమాజం వాళ్ళలో పెద్దాయన దగ్గి, పేరు చెప్పి, "మేమూ పిలవలేదండి. మాదీ తప్పే" అన్నాడు. కోటిలింగం తల వంచుకునే ఉన్నాడు.

గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది.

"నా పేరు ఉషారాణి."

కోటిలింగం తల చటుక్కున అటు తిరిగింది. కర్ర జారి కింద పడింది, తీసుకోలేదు. ఉష ఇంకేదో అనబోయి ఊపిరి పీల్చుకుని ఆగిపోయింది. ఆ చప్పుడు నాకే వినపడింది, అతనికి వినపడకుండా ఉంటుందా. అందిస్తాడనుకున్నాను. పెదాలు కదిలాయి కూడా. కానీ అందించలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎంతసేపైనా సరే అన్నట్టు, ఆమె వైపే మొహం పెట్టి కూర్చున్నాడు.

"బాపట్ల బస్సు రెండున్నరకి ఉంది నాన్నా," అంది ఉష.